కిటికీలో పెట్టిన చెయ్యి

మార్చి 6, 1964. శుక్రవారం

ఈ నోటుపుస్తకం జోహరాది. ముందు ఇరవై రెండు పేజీలు తను రాసినవి, తర్వాతవి ఖాళీ. చివరగా రాసిన పేజీలో తన పేరే వరసగా రాసుకుంది. షేక్ జోహరాబీ, ఆరవ తరగతి. షేక్ జోహరాబీ, ఆరవ తరగతి. పదకొండుసార్లు. పన్నెండోసారి షేక్ అని ఆగిపోయింది. ఎందుకు ఆగిందో. నేనే నీళ్లకు పిలిచి ఉంటాను.

నా పెద్దపిల్ల పోయి ఇవాళ్టికి పదహారు రోజులు.

నేను మూడో తరగతి దాకా చదివాను. తప్పులుంటే ఉంటాయి, ఎవరు చూడొచ్చారు. మా ఆయనకు చదువు రాదు, వేలిముద్రే. మా అత్తకూ రాదు. చిన్నది ఖాదర్‌బీ రెండో తరగతి, అచ్చు అక్షరాలు కూడబలుక్కుంటుంది కాని చేతిరాత చదవలేదు. అందుకే రాయొచ్చు. పుస్తకాన్ని విత్తనం మిరపకాయల గోనెలో అడుక్కి తోసి పెడతాను. ఘాటుకు అందులో ఎవరూ చెయ్యి పెట్టరు.

మార్చి 8, ఆదివారం

జోహరా పరికిణీ ఉతికి ఆరేశాను. మొన్న ఉతికిందే.

మార్చి 10, మంగళవారం

మిరపకాయల కొట్టుకు పనికి వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే గోడ మీద సున్నం గీరిన చోటే కనిపిస్తోంది.

కొట్టు యజమాని చలమయ్య గారు కాయల రాసి వైపు చెయ్యి చూపించారు, అంతే. కొత్త కాయ దిగుతోంది, లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. వీరమ్మ జరిగి చోటిచ్చింది. పదేళ్ల నుంచి మా ఇద్దరిదీ ఒకే రాసి. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకి ఏరడం మా పని.

మధ్యాహ్నం చలమయ్య గారు "మచ్చు కట్టు రహిమున్నీసా, పార్టీ వస్తన్నాడు" అని కేకేశారు. కొనేవాడు బస్తా మూతి విప్పి చూసే పై రెండు దోసిళ్లే మచ్చు. వాటిని చూసే సరుకంతా అలాగే ఉందనుకుంటాడు. ఆ రెండు దోసిళ్లూ ఏరి పెట్టేది నేను. రంగు చూసి, తొడిమ చూసి, నూనె గుడ్డతో కాస్త మెరుపు తుడిచి పెడతాను. కొట్టులో ఇంతమంది ఆడవాళ్లున్నా ఆ పనికి నన్నే పిలుస్తారు. కొనేవాళ్లకు తెలియదా అంటే వాళ్లకూ తెలుసు. మచ్చు బాగుంటే సరుకు గడప దాటుతుంది. దాటాక సంగతి దాటాక.

"మా రహిమున్నీసా చెయ్యి పడిందంటే తాలు కూడా పెళ్లికూతురేనమ్మా" అంది వీరమ్మ. ఈ మాట ఎప్పుడూ అంటుంది. ఎప్పుడూ నవ్వుతాను. ఇవాళ నవ్వకపోయేసరికి తనే నాలుక కరుచుకుంది, పిల్ల పోయిన దాని ముందు పెళ్లిమాట ఎత్తానే అని.

నేను నవ్వనిది అందుకు కాదు.

మార్చి 11

ఆయన పొద్దున్నే చీటీ తీసి కూర్చున్నాడు. ఆసుపత్రి చీటీ. నాలుగు మడతలు పెట్టి, పిల్ల తాయెత్తు దారం చుట్టి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. చదువు రాకపోయినా అంకెలు వచ్చు, బస్తాల మీద నంబర్లు చూసి మోసే మనిషే కదా.

"ఇది డెబ్బై రెండే కదే?"

"ఆఁ."

"ముందు రక్తం ఇరవై ఎనిమిది. మందు మింగినాక డెబ్బై రెండు. డెబ్బై రెండున్న పిల్ల పంతొమ్మిది రోజుల్లో ఎట్టా పోద్ది?"

"అల్లా పిలుచుకున్నాడయ్యా."

"అల్లా అంకెలు వెయ్యలా. వేసినోడు ఆసుపత్రి కిటికీ ఎనకమాల కూచోనుంటాడు."

నేను పొయ్యి ఊదుతున్నట్టు తల దించుకున్నాను. డెబ్బై రెండు ఉన్న పిల్ల ఎలా పోతుంది? నేనూ అదే అడుగుతున్నాను.

మార్చి 13, శుక్రవారం

మొదటి నుంచీ రాస్తాను. రాస్తే బరువు దిగుతుందేమో.

కిందటి దసరా సెలవుల్లో మొదలైంది. చేటలో బియ్యం పోసి పక్కకి తిరిగితే జోహరా గుప్పెడు నోట్లో వేసుకునేది. తర్వాత గోడ సున్నం గీరి తినడం. రెండు దెబ్బలు వేశాను. పన్నెండేళ్ల పిల్లవి, సున్నం తింటావా అని. అప్పుడు వేసిన దెబ్బలు ఇప్పుడు నా వీపు మీద పడుతున్నాయి. బిందె మోసుకుని రెండు మెట్లు ఎక్కితే రొప్పేది. గోళ్లు గరిటెల్లా గుంటలు పడ్డాయి. పదేళ్లుగా రంగు చూసి బతుకుతున్న దాన్ని, పిల్ల పెదాల రంగు పోవడం చూడలేదు.

మా అత్త అమీర్‌బీ గాలి సోకిందని దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. జనవరిలో పిల్ల బడిలో కళ్లు తిరిగి పడిపోతే అప్పుడు డాక్టరమ్మ ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమె కంటి కింది రెప్ప లాగి చూపించింది. లోపల తాటిముంజెలా తెల్లగా ఉంది.

వరండా చివరి గదిలో రక్తం చూస్తారు. ఆ గదికి ఊచల కిటికీ ఉంది, నడుమ ఒక ఊచ తీసేశారు. పేరు పిలిస్తే అందులోంచి చెయ్యి పెట్టాలి. లోపల యేసుపాదం గారని ఒకాయన. తల ఎత్తడు, వేళ్లే చూస్తాడు. ఉంగరం వేలు దూదితో తుడిచి సూది గుచ్చి, సన్నటి గాజు గొట్టంలోకి రక్తం నోటితో పీల్చి, మందున్న ఇంకో గొట్టంలో వదులుతాడు. దాని పక్కన గోధుమరంగు గాజుపలక ఉంటుంది. రెండు రంగులూ ఒకటయ్యేదాకా చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ వెలుతురుకు పట్టి చూస్తాడు. అచ్చం మేము కాయ రంగు చూసినట్టే. నీళ్లు ఏ గీత దాకా వస్తే రక్తం అంత శాతమట.

టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు అడిగాను.

"నీళ్లు ఎక్కువ పడితే మంచిదా అండీ?"

"మంచిదేనమ్మా. చిక్కటి రక్తానికి ఎక్కువ నీళ్లు పడతాయి. పాలవాళ్ల లెక్కకి తలకిందులు" అని నవ్వాడు. "ఎర్ర కణాలు, తెల్ల కణాలు అని రెండు రకాలు. మీ పాపకి ఎర్రవి బాగా తగ్గినాయి."

"తెల్లవి తాలేనా అండీ? ఏరి తీసెయ్యాలా?"

అతను టీ ఒలకబోసుకున్నాడు. "తాలు కాదు తల్లీ, అవి కాపలావాళ్లు. జ్వరమొచ్చినా చీము పట్టినా ఎక్కువైతాయి. పాపకి అవి సరిగ్గానే ఉన్నాయిలే."

"ఇరవై ఎనిమిదంటే పిల్ల దక్కుద్దా అండీ?"

"అంకె జాతకం చెప్పదమ్మా. రక్తం తక్కువని చెప్పుద్ది, ఎందుకు తక్కువో చెప్పదు. కడుపులో పురుగులు తాగుతుండొచ్చు, తిండి చాలకపోవచ్చు, రక్తం ఊరే చోటే చెడి ఉండొచ్చు. మందిచ్చి మళ్లీ చూస్తారు. మొదటి చీటీ కంటే రెండో చీటీ ముఖ్యం. పెరిగిందా, దారి సరైందే. పెరగలేదా, దారి మార్చాలి."

ఎంత బాగా చెప్పాడు. ప్రతి మాటా గుర్తుంది నాకు.

డాక్టరమ్మ పురుగుల మందు ఇచ్చింది, నల్ల బిళ్లలు ఇచ్చింది. మూడు వారాలకు నలభై దాటకపోతే రక్తం ఎక్కించాల్సిందే అంది. నా వేలూ ఆయన వేలూ గుచ్చి చూశారు. నా రక్తం పిల్లకు కలవదట. ఆయనది కలిసింది.

"ఇప్పుడే తియ్యండమ్మా" అని ఆయన చొక్కా చెయ్యి మడుచుకున్నాడు.

"ముందు మందు చూద్దామయ్యా" అంది డాక్టరమ్మ.

మార్చి 14

పేరయ్య సంగతి రాయలేదు నిన్న.

పేరయ్య మా ఆయన హమాలీ ముఠాలోనే బస్తాలు మోసేవాడు. పోయినేడు భార్య ఆపరేషన్‌కి రక్తం ఇచ్చాడు. నెల తిరగ్గానే లారీకి వేసిన బల్ల మీద బస్తాతో తూలి కింద పడ్డాడు. నడుం పోయింది. ఇప్పటికీ మంచంలోనే, పక్కకి తిప్పాలంటే ఇద్దరు కావాలి.

జనవరిలో మా అత్త రోజూ అదే పాట. "మగోడి రక్తం తీస్తే నడుం నిలవదే కోడలా. పేరయ్యని చూడలా? నా కొడుకు నడుం పోతే మన నలుగుర్నీ ఎవరు మోస్తారే?"

ఆయన బస్తా వీపున వేసుకుని బల్ల ఎక్కుతుంటే నేను రాసి దగ్గర కూర్చుని చూసేదాన్ని. కాలు కింద బల్ల వంగేది. అది వంగినప్పుడల్లా నా చేతిలో కాయ నలిగేది.

మార్చి 17

డెబ్బై రెండు. డెబ్బై రెండు. డెబ్బై రెండు.

మార్చి 18, బుధవారం

ఆయన ముఠాతో మాట్లాడి వచ్చాడు. నలభై దినాల ఫాతెహా అయిన మర్నాడు, సోమవారం, ఎనిమిది మంది ఆసుపత్రికి వెళ్తారట.

"నీళ్లు కలిపి రంగు చూస్తాడంటగా. ఎన్ని నీళ్లు కలిపాడో ఆ ఊచలు పీకి అడుగుతా" అన్నాడు.

"అతనేం చేశాడయ్యా, పాపం."

"ఏం చేశాడా? లేని రక్తం ఉందని రాశాడు. ఆ రాత లేకపోతే నేను రక్తం ఇచ్చేవాణ్ణి. నా బిడ్డ నా రక్తానికి కాచుక్కూచుని పోయిందే!"

ఆయన ఏడవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి చూడటం. పిల్ల పోయిన రోజు కూడా ఏడవలేదు.

మార్చి 20, శుక్రవారం

రెండోసారి రక్తం చూపించిన రోజు జనవరి 31, శుక్రవారం. రంజాన్ నెల, నేను ఒక్కపొద్దు ఉన్నాను. ఆయనకు లారీ లోడు ఉండి రాలేదు. నేను పిల్లల్ని తీసుకుని రిక్షాలో వెళ్లాను. షేక్ జోహరాబీ అని పిలిచారు. జోహరా కిటికీలో చెయ్యి పెట్టింది. డెబ్బై రెండు వచ్చింది. డాక్టరమ్మ కాన్పు కేసులో ఉంటే గుమ్మంలోనే చీటీ చూపించాను. "డెబ్బై రెండా! శభాష్. బిళ్లలు ఇంకో నెల మింగించు, రక్తం అక్కర్లేదు" అంది. ఇంటికి వచ్చాం.

మార్చి 21

నిన్న రాసింది అబద్ధం. ఎవరూ చూడని పుస్తకంలో కూడా మచ్చు కట్టాను.

జోహరా చెయ్యి పెట్టలేదు.

రిక్షా దిగి వరండాలోకి వచ్చేసరికే జోహరాకు ఆయాసం. బల్ల మీద కూర్చుని గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. పెదాలు చూశాను. నలభై దాటదని నాకు తెలిసిపోయింది. రంగు చూడటం నా పని. ఆ మూడు వారాలూ ఎదురుగా ఉన్నా చూడనిది ఆ నిమిషంలో చూశాను.

షేక్ జోహరాబీ, అని లోపల్నుంచి పిలిచారు. జోహరా కళ్లు తెరిచి లేవబోయింది. "నువ్వు కూర్చో, నేను పిలుస్తా" అన్నాను. ఖాదర్‌బీని చంకనెత్తుకున్నాను. కిటికీ దానికి అందదు కదా. దాని చెయ్యి లోపలికి పెట్టాను.

యేసుపాదం గారు తల ఎత్తలేదు. "చెయ్యి ఇంత చిన్నదైందే తల్లీ. చిక్కిపోయావా?" అన్నాడు.

"చిక్కిందండీ" అన్నాను.

సూది గుచ్చగానే ఖాదర్‌బీ ఏడ్చింది. అతను గొట్టం వెలుతురుకు పట్టాడు. నీళ్ల చుక్క, ఇంకో చుక్క, ఇంకో చుక్క. పడుతూనే ఉన్నాయి. మంచి కాయ రంగు. దాన్ని చూస్తే నా కడుపు నిండింది. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే కదా, ఒక్క రాసిలోవే కదా, మచ్చు ఏ బస్తాలోంచి తీస్తే ఏం అనుకున్నాను. చీటీ గడప దాటితే చాలు. ఆయన నడుం మిగులుతుంది. పిల్ల మెల్లగా బిళ్లలతో కోలుకుంటుంది. అప్పటికి చీటీ నిజమైపోతుంది.

ఇంకోటి రాయాలి. ఇన్నాళ్లూ ఆ ఆలోచన కిటికీ దగ్గరే తోచిందని నాకు నేను చెప్పుకున్నాను. మరి ఖాదర్‌బీని ఎందుకు తీసుకెళ్లాను? ఇంట్లో మా అత్త ఉంది. ఎప్పుడూ దాన్ని ఆమె దగ్గరే వదిలి వెళ్తాను.

రిక్షాలో జోహరా అడిగింది, "అమ్మా, నాకు గుచ్చలేదే?" అని.

"నీకు నొప్పని."

"పోన్లే. మళ్లీ గుచ్చుతారని రాత్రంతా భయపడ్డా" అని నవ్వింది. నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

మార్చి 22

రంజాన్ పండగ తర్వాత జోహరా కాళ్లు వాచాయి. ఆసుపత్రికి పోదాం పదమన్నాడు ఆయన. "డెబ్బై రెండు ఉంది కదయ్యా, బిళ్లల వేడిలే" అన్నాను. వెళ్తే మళ్లీ గుచ్చుతారు. మళ్లీ గుచ్చితే తెలిసిపోతుంది.

అలా మూడుసార్లు ఆపాను. నాలుగోరోజు పొద్దున మంచినీళ్లు అడిగింది. లోటా తెచ్చేలోపల పోయింది.

మార్చి 24, మంగళవారం

ఖాదర్‌బీకి జడ వేస్తున్నాను. అది ఉంగరం వేలు రెండో చేత్తో నొక్కి నొక్కి చూసుకుంటోంది.

"ఏందే అది?"

"అమ్మా, ఆ రోజు నేను ఏడ్చా కదా."

"ఏ రోజు?"

"అక్కకి నా రక్తం తీసినప్పుడు. నేను ఏడ్చానని ఆ మామ కొంచెమే తీశాడు. ఇంకొంచెం తీసుంటే అక్కకి సరిపోయేది కదా?"

నా చేతిలో జడ పాయలు జారిపోయాయి.

"ఇప్పుడైతే ఏడవనమ్మా. చూడు" అని వేలు కొరుక్కుంది. పళ్ల గాట్లు పడ్డాయి. ఏడవలేదు.

నెల పైనుంచీ ఆ ఎనిమిదేళ్ల పిల్ల అది మోస్తోంది. నేను చెప్పుకోలేక ఈ గోనెలో దాచుకున్నదాన్ని ఆ పిల్ల ఒంటి మీదే మోసుకు తిరుగుతోంది.

కాదమ్మా, నీ వల్ల కాదు అన్నాను. "మరి ఎవరి వల్ల?" అని అడిగింది. జడ గట్టిగా బిగించాను.

మార్చి 26

చెప్పాలి. నలభై అయ్యాక చెప్తాను. నలభై అయిన మర్నాడే వాళ్లు వెళ్తారు. ముందే చెప్పాలి. రేపు.

మార్చి 27

చెప్పలేదు.

మార్చి 28

చెప్పలేదు. రేపటికి బియ్యం ఏరాను. తెల్లగా ఉన్నాయి. గుప్పెడు పచ్చివే నోట్లో వేసుకుని చూశాను, ఏం రుచి ఉండేదో దానికని. ఏ రుచీ లేదు.

మార్చి 29, ఆదివారం

ఫాతెహా అయింది. మా ఆయన పేరు చెప్పుకుని, మొహిద్దీన్ బాషా కూతురి నలభై అని ముఠా అంతా వచ్చారు. పేరయ్య ఇంటి నుంచి కూడా మనిషి వచ్చాడు. ఈస్టరు పండగట, వీధి చివర గుడిలో ఒకటే పాటలు. యేసుపాదం గారు కూడా కొత్త బట్టలు కట్టుకుని ఎక్కడో పాడుతూ ఉంటాడు.

మార్చి 30, సోమవారం

ఇవాళే రాయాలి. రేపైతే మళ్లీ బాగుచేసి రాస్తాను.

తొమ్మిదింటికి వాళ్లు బయలుదేరారు. నేను ఖాదర్‌బీని చెయ్యి పట్టుకుని వెనకే నడిచాను. "నువ్వెందుకే?" అన్నాడు ఆయన. దారిలోనూ చెప్పలేదు.

కిటికీ ముందు పదిమంది రోగులున్నారు. మా వాళ్లను చూసి పక్కకి తప్పుకున్నారు. ఆయన చీటీ విప్పి ఊచలకు ఆనించాడు.

"ఏమయ్యా, ఇది నువ్వు రాసిందేనా?"

యేసుపాదం గారు కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. "నేనేనండీ. షేక్ జోహరాబీ, డెబ్బై రెండు. ఆఁ, గుర్తుంది. బాగా పెరిగింది. ఎట్టా ఉంది పాప?"

అతనికి తెలియదు. ఎవరు చెప్తారు.

"ఎట్టా ఉందా? ఒరేయ్, ఎట్టా ఉందని అడుగుతున్నాడ్రా!" అని ముఠాలో ఒకడు ఊచ పట్టుకుని ఊపాడు. గోడ సున్నం రాలింది. ఆయన రెండో ఊచ పట్టుకున్నాడు. యేసుపాదం గారు గాజు గొట్టాలు పగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు, తన మొహానికి కాదు.

అది చూశాక కదిలాను. మధ్యలోకి దూరి ఖాదర్‌బీని చంకనెత్తుకున్నాను. దాని చెయ్యి కిటికీలోకి పెట్టాను.

"ఆ రోజు పెట్టింది ఈ చెయ్యండీ. జోహరాది కాదు. నేనే పెట్టించాను."

ఊచ ఊపేవాడు ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు. ఖాదర్‌బీ ఒక్కతే, "నేను ఏడవనండీ, తీసుకోండి" అంది.

యేసుపాదం గారు ఆ చేతిని కాసేపు పట్టుకున్నాడు. తర్వాత లావాటి పుస్తకం తీసి వేలు పెట్టి వెతికాడు. "ఇరవై ఎనిమిది. మూడు వారాలకి డెబ్బై రెండు. అంత తొందరగా పెరగదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. డాక్టరమ్మ గారి హస్తవాసి అనుకున్నా" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"రక్తం ఎక్కించి ఉంటే బతికేదా అండీ?" అని అడిగాను. నలభై రోజులుగా నన్ను తిన్న మాట.

"తెలీదమ్మా."

"మీకు తెలీకపోతే ఎవరికి తెలుసండీ?"

"ఆ రోజు పాప రక్తమే చూసుంటే తెలిసేది. పెరిగుంటే పురుగులే కారణం అనుకునేవాళ్లం. పెరక్కపోతే ఇంకోటి వెతికేవాళ్లం. రెండో చీటీ పాపది కాదు. పాప రోగమేందో ఇంక ఎవరూ చెప్పలేరు."

బతికేది అని ఉంటే ఏడ్చేదాన్ని. బతికేది కాదు అని ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. రెండూ అనలేదు.

ఖాదర్‌బీ అడిగింది, "నా రక్తం అక్కకి ఎక్కించారా?"

"లేదు తల్లీ. చుక్క తీశా, చూశా, పారబోశా. నువ్వు ఏడ్చినా ఏడవకపోయినా అంతే తీసేవాణ్ణి. నీ తప్పేం లేదు."

"మరి ఎందుకు తీశారు?"

అతను నా వైపు చూశాడు. ఆయన చూశాడు. ముఠా వాళ్లందరూ చూశారు.

"నాన్న రక్తం తియ్యకుండా ఉండాలని నేను పెట్టించానే" అన్నాను. "అక్క పోయింది నీ వల్ల కాదు. నా వల్ల." అందరిలో అన్నాను. అది తల ఊపి, చెయ్యి వెనక్కి తీసుకుని, వేలు చూసుకుంది. మళ్లీ నొక్కుకోలేదు.

ఆయన నన్ను ఏమైనా అంటాడనుకున్నాను. కిటికీలోకి చూస్తూ, "నాది తీసుంటే ఎంత తీసేవాళ్లు?" అన్నాడు.

యేసుపాదం గారు బీరువాలోంచి ఖాళీ సీసా తెచ్చి ఊచల మధ్య నిలబెట్టాడు. ఇంట్లో కొబ్బరినూనె పోసుకునే సీసా అంత ఉంది.

"ఇంతేనా?"

"ఇంతేనండీ. నెలా నెలన్నరలో మళ్లీ ఊరుద్ది."

"ఇంతేనా" అన్నాడు మళ్లీ. సీసాని కింద నుంచి పైదాకా వేలితో తడిమాడు. చీటీ కిటికీ గట్టు మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 2

తిట్టలేదు. కొట్టలేదు. అన్నం పెడితే తింటున్నాడు. నాతో మాట్లాడడం లేదు. కొడితే బాగుండు.

ఏప్రిల్ 5, ఆదివారం

మా అత్త పక్కింటివాళ్లతో అంటోంది, "అది మాత్రం ఎవరి కోసం చేసింది? నా కొడుకు కోసమే కదమ్మా" అని. ఇంట్లో నా పక్షాన నిలబడ్డది ఆమె ఒక్కతే. అదే భరించలేకపోతున్నాను.

ఏప్రిల్ 9

చలమయ్య గారు మచ్చు కట్టమన్నారు. కట్టను అన్నాను. "ఏమ్మా, ఏం తక్కువ చేశాం?" అన్నారు. తాలే ఏరతానండీ అని కూర్చున్నాను. వీరమ్మ ఆ రెండు దోసిళ్లూ కట్టింది. బాగానే కట్టింది. నాది చూసి నేర్చుకున్నదే.

ఏప్రిల్ 25, శనివారం

మొన్న బక్రీదు. జోహరా లేని మొదటి పండగ. దాని గురించి రాయను.

మంగళవారం ఆయన పనికి పోలేదని కొట్టులో చెప్పారు. సాయంత్రం ఇంటికి వచ్చాడు, మోచేతి మడతలో దూది అతికించి ఉంది. మా అత్త చూసి గుండె బాదుకుంది. అప్పుడు చెప్పాడు, నాకు కాదు, ఆమెకు. ఏప్రిల్ మొదట్లోనే ఆ కిటికీ దగ్గరికి వెళ్లి తన పేరు చెప్పి వచ్చాడట, నా రక్తం కలిసేవాళ్లు ఎవరొచ్చినా కబురు పెట్టండి అని. మార్టూరు వైపు నుంచి కాన్పుకు వచ్చిన ఒకావిడకు ఇచ్చాడట. ఆ మనిషి బతికింది, బిడ్డ కూడా.

మర్నాడు బుధవారం. పండగ ముందు రోజు, పెద్ద లోడు. రాసి దగ్గర కూర్చున్నాను కాని నా చేతులు ఆడలేదు. ఆయన బస్తా వీపున వేసుకుని బల్ల ఎక్కాడు. బల్ల వంగింది. దిగాడు. మళ్లీ ఎక్కాడు. ముప్పై ఎనిమిది బస్తాలు. ప్రతి అడుగూ చూశాను, ఒక్కసారి తూలినా చాలు, ఒక్కసారి కాలు తడబడినా చాలు, నేను భయపడ్డది ఉత్తదేం కాదు అనుకోవచ్చని.

తూలలేదు.